గడ్డను కోసేస్తే పోదు, దయచేసి అలా రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఒక అమ్మాయి అడిగింది, చెవి కుట్టించుకున్న చోట గడ్డలా పెరుగుతోంది, ఏం చేయాలి అని. మీవాళ్లు ఇచ్చిన జవాబు నాలుగు ముక్కలు. శుభ్రంగా ఉంచుకోకపోవడం వల్ల వచ్చింది, రోజూ నిమ్మరసం రాయండి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్‌తో కోయించేసుకోండి, భయపడాల్సిందేమీ లేదు. ఆఖరి ముక్క ఒక్కటే నిజం. మిగతా మూడూ చదివాక నాకు ఆ పూట చాయ్ కూడా సయించలేదు, ఎందుకంటే రెండేళ్ల కిందట ఇదే సలహా మాకూ ఒకరిచ్చారు, మేం విన్నాం, దాని ఫలితం ఇప్పటికీ మా అమ్మాయి ఎడమ చెవి మీద ఉంది.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైన లెక్చరర్ని, మలక్‌పేటలో ఉంటాం. ఏటా బోర్డు మీద చర్మం బొమ్మ గీసి ఎపిడెర్మిస్, డెర్మిస్, స్వేదగ్రంథులు అంటూ బాణాలు పెట్టినదాన్నే, కానీ ఆ చర్మం తెగితే మళ్లీ ఎలా అతుక్కుంటుందో ఒక్క క్లాసులోనైనా చెప్పిన గుర్తు లేదు. చెప్పి ఉంటే ముందు మా ఇంట్లోనే పనికొచ్చేది.

సంగతేంటంటే, మా ఆడపడుచు కూతురి పెళ్లికి ముందు మా అమ్మాయి ఒక మాల్‌లో పైచెవికి రెండు వైపులా కుట్టించుకొచ్చింది. గన్‌తో టక్కుమని కొట్టేశారట, రెండు నిమిషాల పని. కుడిచెవి బాగానే మానింది. ఎడమ చెవి కూడా మానినట్టే మాని, మూడు నాలుగు నెలలకు కుట్టు వెనక మినపగింజంత గట్టిగా తగిలింది, తర్వాత బఠాణీ, ఆ తర్వాత ఉసిరికాయ. ఒకటే దురద. ఇక చుట్టాల సంగతి మీకు తెలియనిదేముంది, పప్పు తిన్నావా చీము పడుతుంది అని ఒకరు, వంకాయ తిన్నందుకే అని ఇంకొకరు, ఎప్పుడూ చెవి మీద చెయ్యేసుకునే ఉంటుంది అందుకే అని నేను. అవును, నేనే అన్నాను. తర్వాత ఒక క్లినిక్‌కి వెళ్తే "పది నిమిషాల్లో తీసేస్తా" అన్నారు, తీసేశారు, కుట్లు వేశారు, మూడు నెలలు మేమంతా సంతోషంగా ఉన్నాం. నాలుగో నెలలో అది వడ్డీతో సహా తిరిగొచ్చింది, ఈసారి కుట్లు వేసిన గీత పొడుగునా.

దాని పేరు కీలాయిడ్. రెండోసారి పెరిగాకే ఆ మాట విన్నాం, విన్నాక పాత పుస్తకాలూ కొత్త పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. నాకు అర్థమైనంతలో చెబుతాను, మీ పాఠకుల్లో ఇంకెవరి చెవైనా బతికిపోతుందేమో.

చర్మం తెగగానే ముందు పరిగెత్తుకొచ్చేవి ప్లేట్‌లెట్లు, డెంగ్యూ పుణ్యమా అని మనందరికీ పరిచయమైనవే. అవి రక్తాన్ని గడ్డకట్టించి ఊరుకోవు, రండి రండి అని మిగతా కణాలను పిలిచే రసాయనాలు కూడా వదులుతాయి. మొదట న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వచ్చి సూక్ష్మజీవులతో తలపడతాయి, రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వచ్చి చెత్త ఊడుస్తూనే మరమ్మతుకు మేస్త్రీల్ని పిలుస్తాయి. ఆ మేస్త్రీలే ఫైబ్రోబ్లాస్టులు. వీటి పని కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను నేసి గుంత పూడ్చడం. ముందు తొందరకొద్దీ సన్నరకం పీచు వేస్తాయి, దాన్ని మూడో రకం అంటారు, తర్వాత నెలల తరబడి దాన్ని తీసేస్తూ దాని స్థానంలో గట్టిదైన ఒకటో రకం వేస్తూ పోతాయి. కొన్ని ఫైబ్రోబ్లాస్టులు కండరం లాంటి గుణం తెచ్చుకుని గాయం అంచుల్ని దగ్గరికి లాగుతాయి కూడా. ఈ సర్దుబాటు ఒక ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే సాగుతుంది. మనం "పక్కు రాలిపోయింది, మానిపోయింది" అనుకునే రోజుకు లోపల పని సగం కూడా అయి ఉండదు. ఇంతా చేస్తే ఆ మచ్చ బలం పాత చర్మంలో ఎనభై శాతానికి మించదు.

ఇక్కడ పప్పు మాట వచ్చింది కాబట్టి ఒకటి. కొల్లాజెన్ ప్రోటీనే, దాన్ని నేయడానికి ప్రోటీన్ కావాలి, నేసిన పీచు గట్టిపడడానికి విటమిన్ సి కావాలి. 1740ల్లో ఆన్సన్ అనే ఇంగ్లీషు నౌకాధికారి ప్రపంచయాత్రలో విటమిన్ సి అందక స్కర్వీ వచ్చిన ఒక నావికుడికి యాభై ఏళ్ల కింద, 1690 నాటి యుద్ధంలో తగిలి ఎప్పుడో మానిన గాయం మళ్లీ విచ్చుకుందని ఆ యాత్రా వివరాల్లో రాశారు. అంటే మచ్చ అనేది కట్టి వదిలేసిన గోడ కాదు, లోపల ఎప్పుడూ కొంత కొట్టడం, కొంత కట్టడం నడుస్తూనే ఉంటుంది. గాయమైన మనిషికి పప్పు, గుడ్డు, జామకాయ మాన్పించే ఇళ్లు మన ఊళ్లో ఇంకా ఎన్నో ఉన్నాయి.

సరే, మామూలుగా పని అయ్యాక మేస్త్రీలు దిగిపోతారు, చాలా ఫైబ్రోబ్లాస్టులు వాటంతటవే చచ్చిపోతాయి, రక్తనాళాలు తగ్గుతాయి, ఎర్రమచ్చ పాలిపోయి చదునవుతుంది. కీలాయిడ్‌లో ఆ "ఇక చాలు" అన్న కబురు సరిగ్గా అందదు, అందినా వినవు. టీజీఎఫ్-బీటా అనే సంకేత ప్రోటీన్ ఒకటుంది, ఫైబ్రోబ్లాస్టులకు కొల్లాజెన్ వేయమని చెప్పేది అదే. అది ఎక్కువసేపు ఎక్కువ మోతాదులో ఉండడం, ఈ ఫైబ్రోబ్లాస్టులు దానికి మామూలుకన్నా ఎక్కువగా స్పందించడం, చావాల్సినవి చావకపోవడం, వేసిన పీచును కత్తిరించే ఎంజైములు వెనకబడడం, ఇవన్నీ కలిసి వస్తాయి. ఏది ముందు ఏది వెనక అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు. మైక్రోస్కోపులో చూస్తే మామూలు చర్మంలో పీచు బుట్ట అల్లినట్టు అటూ ఇటూ పెనవేసుకుని ఉంటుంది, మామూలు మచ్చలో ఒకే దిక్కుకు పరిచిన గడ్డిలా ఉంటుంది, కీలాయిడ్‌లో మటుకు లావుపాటి నులకతాళ్లు కుప్ప పోసినట్టే.

గాయం దగ్గర పెరిగే ప్రతి గడ్డా కీలాయిడ్ కాదు, ఈ తేడా మీ శీర్షికలో చెప్పనే లేదు. హైపర్‌ట్రోఫిక్ మచ్చ అని ఇంకోటి ఉంది. మా కాలనీలో కేబుల్ కోసం తవ్వి పూడ్చిన గాడి మీద వేసిన సిమెంటు చూస్తే నాకు ఈ రెండూ గుర్తొస్తాయి. గాడి ఎంతవరకు ఉందో అంతవరకే ఉబ్బెత్తుగా ఉండి, బండ్లు పోగా పోగా అణిగిపోతే అది హైపర్‌ట్రోఫిక్. గాడి దాటి మన గేటు ముందుకీ, పక్కింటి మెట్ల మీదికీ పాకితే అది కీలాయిడ్. మొదటిది గాయమైన నెలా రెండు నెలల్లో లేచి, కొన్ని నెలలు పెరిగి, తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. రెండోది నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచాక మొదలై, గాయం గీత దాటి బాగున్న చర్మంలోకి పోతుంది, దానంతటది తగ్గడం చాలా అరుదు. 19వ శతాబ్దం మొదట్లో అలిబేర్ అనే ఫ్రెంచి చర్మవైద్యుడు దీనికి పేరు పెట్టినప్పుడు ఎండ్రకాయ కొండికి గ్రీకులో ఉన్న మాట తీసుకున్నాడు, పక్కకు కొండ్లు చాస్తుందని. మొదట క్యాన్సర్ అనే అర్థం వచ్చే పేరే పెట్టి, తర్వాత అది క్యాన్సర్ కాదు కదా అని మార్చాడు. క్యాన్సర్ కాదు, అంటుకోదు. మా అమ్మాయిని ఆ రెండూ అడిగినవాళ్లున్నారు కాబట్టి రాస్తున్నా.

ఇప్పుడు మీ జవాబులో మూడో ముక్కకు వస్తాను. కోయించేసుకోండి అన్నారు. కత్తి గాటు కూడా శరీరం లెక్కలో గాయమే కదా? అదే మనిషి, అదే చెవి, అవే ఫైబ్రోబ్లాస్టులు, పైగా గన్ను పెట్టిన చుక్కంత రంధ్రం బదులు ఈసారి ఇంత పొడుగు కోత, కుట్లు. ఒట్టిగా కోసి వదిలేస్తే మళ్లీ రావడం 45 నుంచి 100 శాతం దాకా అని వైద్య పుస్తకాల్లోనే ఉంది. అంటే మా ఇంట్లో జరిగింది దురదృష్టం కాదు, జరిగేదే జరిగింది. ఈ అంకె ఆ రోజు ఆ టేబుల్ అవతల కూర్చున్నాయన చెప్పి ఉంటే మేం లేచి వచ్చేసేవాళ్లం. ఆయనకు తెలియదో, తెలిసీ చెప్పలేదో.

కోయకూడదని కాదు. కోస్తే ఒంటరిగా కోయకూడదు, వెంటనే ఇంజెక్షన్లో, నొక్కిపెట్టే క్లిప్పో, కొందరు పెద్దవాళ్లకైతే ఒకటి రెండు రోజుల్లోనే తక్కువ మోతాదు రేడియేషనో జోడించాలి. ఇప్పుడు మా అమ్మాయికి గడ్డ లోపలికే ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తున్నారు, నాలుగు వారాలకోసారి. నొప్పి బాగానే ఉంటుంది, మొదటిసారి నా చెయ్యి పట్టుకున్న పట్టు రెండ్రోజులు నొప్పెట్టింది. రెండో ఇంజెక్షన్‌కే దురద పోయింది, నాలుగో దానికి గడ్డ మెత్తబడింది. ఆ మందు ఫైబ్రోబ్లాస్టుల పని తగ్గిస్తుంది, వాపు తగ్గిస్తుంది, అయితే చుట్టూ చర్మం పలచబడడం, తెల్లబడడం ఉండొచ్చని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు, నాకు నచ్చింది. సిలికాన్ పట్టీలు అని మెడికల్ షాపుల్లో దొరుకుతాయి, గాయం పూర్తిగా మూసుకున్నాక రోజుకు పన్నెండు గంటలకు తగ్గకుండా నెలల తరబడి అంటించుకోవాలి. తేమ ఆరనివ్వకుండా ఉంచితే పైపొర కణాలు కిందికి పంపే "ఇంకా కట్టండి" సంకేతాలు తగ్గుతాయని అంటున్నారు. మన ఎండల్లో అది చెమటకు ఊడిపోతుంది, కడిగి మళ్లీ పెట్టుకోవడమే.

నిమ్మరసం సంగతా? గడ్డ ఉన్నది డెర్మిస్ అనే లోపలి పొరలో, నిమ్మరసం పైపైనే. రాసుకుని మే నెల ఎండలో బస్టాప్‌లో నిలబడితే చర్మం కమిలి ఇంకో మచ్చ పడుతుంది, అంతే లాభం.

శుభ్రత మాట మాత్రం సగం ఒప్పుకుంటాను. పుండు చీము పట్టి వారాలకొద్దీ మానకపోతే వాపు ఎక్కువకాలం ఉంటుంది, వాపు ఎంతకాలం ఉంటే చెడ్డమచ్చకు అంత అవకాశం. కాలిన గాయాల్లో ఇది మరీ స్పష్టం, రెండు మూడు వారాలు దాటినా మానని కాలినగాయం హైపర్‌ట్రోఫిక్ మచ్చగా మారే అవకాశం బాగా ఎక్కువ. అందుకే కాలగానే టూత్‌పేస్టు, సిరా, పసుపు పూయకుండా ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టమని చెప్పేది, గాయం లోతు తగ్గితే మచ్చా తగ్గుతుంది. కానీ మా అమ్మాయి రెండు చెవులూ ఒకే రోజు, ఒకే గన్, ఒకే సెలైన్ నీళ్లతో రెండుపూటలా తుడిచింది. ఒకటి మానింది, ఒకటి గడ్డ కట్టింది. శుభ్రత ఒక్కటే కారణమైతే ఇదెలా? ఆమె మురికిగా ఉంచుకోవడం వల్లే అని పేపర్లో అచ్చేస్తే, ఇంట్లో అప్పటికే అంటున్నవాళ్లకు మీరు ముద్ర వేసిచ్చినట్టు. ఆ అనేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది నాకు ఎక్కువ గుచ్చుకుంది.

మరి ఎవరికి వస్తుంది? నల్లని, చామనచాయ ఒంటివాళ్లకు తెల్లవాళ్లకన్నా చాలా ఎక్కువ. పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు పెరగొచ్చు. కుటుంబాల్లో నడుస్తుంది, 2010లో జపాన్ పరిశోధకులు జన్యువుల్లో దీంతో ముడిపడిన కొన్ని చోట్లు కూడా గుర్తించారు. ఒంట్లో చోటును బట్టీ ఉంటుంది, రొమ్ము ఎముక మీద, భుజం మీద, పై వీపున, దవడ గీత మీద ఎక్కువ, కనురెప్ప మీద చాలా అరుదు. రొమ్ము మీద, భుజం మీద చర్మం ప్రతి కదలికకూ లాగుతూ ఉంటుంది, రెప్ప వదులుగా ఉంటుంది. లాగుడును ఫైబ్రోబ్లాస్టులు నిజంగానే పసిగడతాయి, లాగితే ఎక్కువ పీచు వేస్తాయి. 1861లో వియన్నాలో లాంగర్ అనే శరీరశాస్త్ర నిపుణుడు శవాల మీద గుండ్రటి మొనతో పొడిచి చూస్తే రంధ్రాలు గుండ్రంగా ఉండకుండా ఒక వాలుకు సాగాయి. గుడ్డకు నేత వాలున్నట్టే చర్మానికీ ఉంది. ఆ వాలుకు కోస్తే మచ్చ సన్నం, అడ్డంగా కోస్తే లావు, సర్జన్లు ఇప్పటికీ ఈ లెక్క చూస్తారు. అయితే చెవి తమ్మెను ఎవరూ లాగరు, అక్కడ మాత్రం కీలాయిడ్ ఎందుకంత ఎక్కువో ఈ లాగుడు లెక్కకు అందదు. ఇంకో విచిత్రం, కీలాయిడ్ మనుషులకే వస్తుంది, జంతువులకు రాదు. అందుకే ప్రయోగశాలలో ఎలుక మీద పరీక్షించి మందు కనిపెట్టడం ఇంత కష్టమైంది.

మందు అంటే గుర్తొచ్చింది. తల్లి కడుపులో బిడ్డకు సుమారు 24 వారాల లోపు గాయమైతే మచ్చే పడకుండా మానుతుంది. అక్కడ వాపు తక్కువ, టీజీఎఫ్-బీటాలో మూడో రకం ఎక్కువ. ఆ మూడో రకాన్నే మందుగా చేసి ఇస్తే పెద్దవాళ్లకూ మచ్చ పడదని ఇంగ్లండులో ఒక కంపెనీ ఏళ్లపాటు శ్రమించింది. మొదటి పరీక్షల్లో బాగుందనిపించింది, 2011లో ఆఖరి దశ పరీక్షలో తేలిపోయింది. అంత చదివినవాళ్లకే చేతకానిది అమీర్‌పేట గోడల మీద "మచ్చలు మాయం, ఒక్క సిట్టింగ్" అని రాసుకున్నవాళ్లకు ఎలా చేతనైందో మీ రిపోర్టర్ ఎవరైనా వెళ్లి అడిగితే బాగుండు.

ఇంతకూ మా ఇంట్లో ముందే తెలిసే దారి ఉంది, అదే నన్ను తినేస్తోంది. మా అమ్మకు చిన్నప్పుడు భుజం దగ్గర వేసిన టీకా మచ్చ జీడిపిక్కంత లేచి, అంచులు పక్కకు పాకి ఉండేది. దురద పెడితే జాకెట్టు చేతి మీదుగానే గీక్కునేది. మా అమ్మాయికి పదకొండో నెలలో చెవులు కుట్టించడానికి కోఠీలో ఒక ముసలి కంసాలి దగ్గరికి పోతే, ఆయన అమ్మ చెయ్యి వైపు చూసి, "పెద్దమ్మా, మీ ఇంట్లో ఇది ఉన్నది, పాపకు ఈ ఒక్క కుట్టు చాలు, పెద్దయినంక మళ్లా కుట్టియ్యకుండ్రి" అన్నాడు. మేం నవ్వుకుంటూ వచ్చేశాం. నేనైతే మూఢనమ్మకం అనుకున్నా, జువాలజీ లెక్చరర్ని కదా. 2005లో అమెరికాలో కీలాయిడ్ ఉన్నవాళ్ల మీద చేసిన ఒక చిన్న సర్వేలో, పదకొండేళ్లు దాటాక చెవులు కుట్టించుకున్నవాళ్లకే కీలాయిడ్ ఎక్కువగా వచ్చిందని తేలింది, కుటుంబంలో ఉన్నవాళ్లు అసలు కుట్టించుకోకపోవడమే మేలని రాశారు. ఆ ముసలాయన ఏ సర్వే చదివి చెప్పాడు? ఎన్ని వందల చెవులు చూశాడో. మాల్‌లో గన్ పట్టుకున్న కుర్రాడు అడిగిన ప్రశ్న మటుకు ఒకటే, క్యాషా ఫోన్‌పేనా అని.

మీకు నా విన్నపం పెద్దదేం కాదు. వచ్చే ఆదివారం అదే శీర్షికలో, అదే సైజు అక్షరాల్లో, ఆ అమ్మాయికి ఇంకో జవాబు అచ్చేయండి. ఆమె చేసిన తప్పేం లేదని, ముందు చర్మవ్యాధుల డాక్టర్‌కి గానీ ప్లాస్టిక్ సర్జన్‌కి గానీ చూపించుకోమని, ఉస్మానియాలో, గాంధీలో ఈ విభాగాలున్నాయని, ఎవరైనా కోసేస్తామంటే "కోశాక మళ్లీ రాకుండా ఏం చేస్తారు" అని అడగమని, దానికి సరైన జవాబు రాకపోతే లేచి వచ్చేయమని. నిమ్మరసం ఆపేయమని కూడా. కొంచెం తొందరగా వేస్తే మంచిది, ఎందుకంటే మీ జవాబు చదివి ఆమె ఈపాటికే ఎక్కడో అపాయింట్‌మెంట్ తీసుకుని ఉండొచ్చు.

మా ఐదో ఇంజెక్షన్ ఈ శుక్రవారం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్చరర్,
మలక్‌పేట, హైదరాబాద్